బాబుకి ఏడీహెచ్‌డీ అన్నారు, ట్రైనింగ్ మాత్రం మాకట! ఎందుకు?

అడిగినవారు: అయిదున్నరేళ్ల బాబు అమ్మ

నమస్కారం అండీ. మా బాబుకి అయిదున్నరేళ్లు. స్కూల్లో వేసినప్పటి నుంచీ టీచర్లందరిదీ ఒకటే మాట: కూర్చోడు, పక్కవాళ్లని కూర్చోనివ్వడు, ఏ పనైనా సగంలో వదిలేసి లేచిపోతాడు. ఇంట్లోనూ అంతే. స్నానానికి రమ్మంటే సరే అంటాడు, బాత్‌రూమ్ దాకా వెళ్లేలోపు దారిలో ఏ కారు బొమ్మో కనపడుతుంది, ఇక స్నానం సంగతే గుర్తుండదు. చెప్పి చెప్పి నా నోరు పడిపోతోంది. ప్రేమగానే ఉంటాడు, ఎవరైనా ఏడిస్తే వెంటనే వెళ్లి దగ్గర కూర్చుంటాడు. కానీ చెల్లితో ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి తోసేస్తాడు. దానికి మూడేళ్లు.

స్పెషలిస్టుకి చూపించాం. మాతో విడిగా, వాడితో విడిగా చాలాసేపు మాట్లాడారు. టీచర్‌కి ఒక ఫారం పంపి నింపించారు. చివరికి ఏడీహెచ్‌డీ అని, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం అనే సమస్య అని చెప్పారు. ఏదో ఒక పేరు తెలిసింది కదా అని కాస్త ఊరటగానే అనిపించింది. మందు రాస్తారనుకున్నాం. ఆవిడేమో ఈ వయసులో మందుతో మొదలుపెట్టరని, ముందు మా ఇద్దరినీ పేరెంట్ ట్రైనింగ్‌కి వెళ్లమని చెప్పారు.

అప్పటి నుంచి ఇంట్లో ఇదే గొడవ. "సమస్య వాడికుంటే క్లాసులు మనకెందుకు? మనకి పిల్లల్ని పెంచడం రాదని అంటోందా ఆవిడ?" అని మావారు. "మొక్కై వంగనిది మానై వంగునా, రెండు తగిలిస్తే అదే దారికొస్తాడు" అని మా అత్తగారు. మధ్యలో నాకు టెన్షన్.

వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. అక్కడ అసలు ఏం నేర్పిస్తారు? మేం మాట్లాడే తీరు మారితే వాడి బుర్ర మారుతుందా? మందు మొదలుపెట్టకుండా విలువైన టైమ్ పోగొట్టుకుంటున్నామా?

---

జవాబు: తొమ్మిదేళ్ల అబ్బాయి అమ్మ

మీ డాక్టర్ మంచి మాట చెప్పారండీ. మా వాడికి మీ బాబు వయసులోనే తెలిసింది, మేమిద్దరం వెళ్లాం. ముందు మీవారి ప్రశ్న తేల్చుకుందాం. అది తేలకుండా క్లాసులో కూర్చుంటే చెవులు అక్కడుంటాయి గానీ మనసు ఉండదు.

ఏడీహెచ్‌డీ పెంపకం వల్ల రాదు. కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాల్లో దీనికి 70 నుంచి 80 శాతం దాకా వంశపారంపర్యం ఉందని తేలింది. గారాబం చేసినందుకో, తల్లి ఉద్యోగానికి వెళ్లినందుకో వచ్చేది కాదు. పంచదార తింటే గంతులు ఎక్కువవుతాయన్న నమ్మకం కూడా పరీక్షల్లో నిలబడలేదు. కాబట్టి మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టడం లేదు. ఈ మాట మీవారికి మీరు చెప్పేకన్నా డాక్టర్ నోటితోనే ఇంకోసారి చెప్పించండి.

మరి మనకెందుకు? ఈ పిల్లలకి "తర్వాత" అనేది చాలా దూరంలో ఉంటుంది. ఇప్పుడు రాసేస్తే ఆదివారం పార్కుకి తీసుకెళ్తానంటే వేరే పిల్లల్ని ఆ ఆదివారం కొంచెమైనా ముందుకి లాగుతుంది. వీళ్లని లాగదు. చేసిన పనికి ఫలితం అప్పటికప్పుడు, కంటికి కనపడేలా, మళ్లీ మళ్లీ అందాలి. దీనిమీద దశాబ్దాలుగా పనిచేసిన అమెరికన్ సైకాలజిస్ట్ రసెల్ బార్‌క్లీ చెప్పేదేమిటంటే, ఏం చేయాలో వీళ్లకి తెలుసు, తెలిసినదాన్ని అవసరమైన క్షణంలో చేయడమే వీళ్లకి చేతకాదు. ఆ క్షణంలో వాడి పక్కన ఎవరుంటారు చెప్పండి? బూట్లు వేసుకునేటప్పుడు, పళ్లు తోముకునేటప్పుడు, చెల్లి చేతిలోంచి బొమ్మ లాగేటప్పుడు అక్కడుండేది మీరూ మీవారూ. అయిదేళ్ల పిల్లాణ్ణి వారానికో గంట థెరపీ గదిలో కూర్చోబెట్టి "కోపం వస్తే ఇలా చెయ్యాలి" అని నేర్పితే అక్కడ చక్కగా అప్పజెబుతాడు. ఇంటికొచ్చి కోపం వచ్చినప్పుడు ఆ పాఠం గుర్తుకే రాదు. అందుకని నేర్పేదేదో ఇంట్లో ఉండేవాళ్లకి నేర్పుతారు.

ఇది ఒక్క డాక్టర్ అభిప్రాయం కూడా కాదు. అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2019 మార్గదర్శకాల ప్రకారం నాలుగేళ్లు నిండి ఆరు నిండని పిల్లలకి మొదటి చికిత్స తల్లిదండ్రుల శిక్షణే. దానితో చెప్పుకోదగ్గ మార్పు రాకపోతే, ఇబ్బంది ఇంకా గట్టిగానే ఉంటే అప్పుడు మందు ఆలోచిస్తారు. ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకైతే మందూ ఇదీ రెండూ కలిపి ఇమ్మంటుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2018లో ఇచ్చిన సూచనల్లో కూడా అయిదేళ్లలోపు పిల్లలకి ముందు ఇదే.

ఇక అక్కడ ఏం నేర్పుతారు అంటే... మేం మొదటి రోజే శిక్షల గురించి చెప్తారనుకుని వెళ్లాం. చాలా వారాలు ఆ ఊసే రాలేదు. మొదట నేర్పింది ఆడుకోవడం! రోజూ అయిదు పది నిమిషాలు, ఆట వాడి ఇష్టం, నడిపించేది వాడే. ఆ కాసేపూ మనం ఆర్డర్లు వేయకూడదు, ప్రశ్నలు అడగకూడదు, తప్పులు దిద్దకూడదు. "ఇదేం రంగు?" అని కూడా అడగకూడదు. వాడు చేస్తున్నదాన్ని రేడియోలో క్రికెట్ కామెంటరీ చెప్పినట్టు పైకి చెబుతూ ఉండాలి, అంతే. "ఎర్ర దిమ్మ మీద నీలం దిమ్మ పెట్టావు... ఇప్పుడు వంతెన కడుతున్నావు..." చదువుతుంటే సులువుగానే ఉంటుంది. ప్రశ్న లేకుండా పిల్లాడితో రెండు నిమిషాలు మాట్లాడి చూడండి, అప్పుడు తెలుస్తుంది. మా గ్రూపులో మనవడి కోసం వచ్చిన ఒక తాతగారు ఉండేవారు. మా అందరికన్నా ఆయనకే ఇది బాగా వచ్చింది, తొందర లేని మనిషి కాబట్టి.

ఆట ముందెందుకో నాకు తర్వాత అర్థమైంది. ఈ పిల్లలు పొద్దున లేచిన దగ్గర్నుంచి వినేవి "వద్దు", "ఆగు", "ఎన్నిసార్లు చెప్పాలి". పెద్దవాళ్ల గొంతు వినపడితే పట్టించుకోకపోవడం వాళ్లకి అలవాటైపోతుంది. మన మెప్పు వాడికి కావాలనిపించాలి, అప్పుడే మిగతా పాఠాలకి బలం. కొన్నాళ్లకి మా వాడు తనే వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగేవాడు, ఆట టైమ్ అయిందని.

ఆ తర్వాత మెచ్చుకోవడం. "గుడ్ బాయ్" అంటే వాడికి ఏమీ తెలియదు. "పిలవగానే బొమ్మ కింద పెట్టి వచ్చావు, నాకు నచ్చింది" అనాలి. ఏ పని నచ్చిందో చెప్పాలి, అదీ ఆ పని జరిగిన వెంటనే. వాడు బాగున్న క్షణాల్ని వెతికి పట్టుకోవాలి. గొడవ చేసినప్పుడు మన చూపు దానంతటదే వాడి మీదికి పోతుంది, బుద్ధిగా ఉన్నప్పుడు మనం హాయిగా మన పని చూసుకుంటాం కదా.

పని చెప్పే తీరు కూడా నేర్పుతారు. వంటింట్లోంచి "స్నానం చేసి, బట్టలేసుకుని, బ్యాగు సర్దుకుని రా" అని కేకేస్తే వాడికి అందులో ఏదీ నిలవదు. దగ్గరికి వెళ్లాలి, టీవీ ఆపాలి, మన మొహం చూసేదాకా ఆగాలి, ఒక్క పని చెప్పాలి. "స్నానం చేద్దామా?" అని అడిగితే "వద్దు" అనే హక్కు కూడా ఇచ్చినట్టే. "బాత్‌రూమ్‌కి పద" అంటే చాలు. చెప్పాక అయిదు సెకన్లు మాట్లాడకుండా ఉండాలి. ఆ అయిదు సెకన్లు ఎంత పొడుగ్గా ఉంటాయో! మనం ఆగలేక రెండోసారి, మూడోసారి అంటుంటే మొదటి రెండుసార్లూ వినక్కర్లేదని వాడికి తెలిసిపోతుంది.

అన్నిటికన్నా నాకు పనికొచ్చింది ఇంకొకటుంది, మీ అత్తగారి మాటకి జవాబు కూడా అందులోనే ఉంది. జెరాల్డ్ ప్యాటర్సన్ అనే పరిశోధకుడు ఇళ్లకి మనుషుల్ని పంపి కుటుంబాలు ఎలా మసలుతున్నాయో గమనింపజేశారు. పిల్లాడికి పని చెప్తాం, వాడు గునుస్తాడు. గొంతు పెంచుతాం, వాడు ఏడుపు అందుకుంటాడు. చివరికి విసుగొచ్చి "సరే పో" అంటాం. ఏడిస్తే పని తప్పుతుందని వాడికి తెలిసింది. వదిలేస్తే ఇల్లు సద్దుమణుగుతుందని మనకి తెలిసింది. ఇంకో రోజు వదలకుండా చెయ్యెత్తుతాం, వాడు ఠక్కున లేస్తాడు. కొడితేనే వింటాడని ఆ రోజు మనం నేర్చుకుంటాం. ఇలా ఒకరికొకరు గొంతు పెంచడం నేర్పించుకుంటూ పోతారు. దెబ్బ ఆ నిమిషానికి పనిచేసినట్టు కనపడుతుంది, అందుకే పెద్దవాళ్లు దాన్ని అంతగా నమ్ముతారు. రేపు అదే పనికి ఇంకో దెబ్బ కావాలి, అది మాత్రం లెక్కలోకి రాదు. ఏడీహెచ్‌డీ పిల్లలకి రోజుకి చెప్పాల్సినవి ఎక్కువ కాబట్టి ఈ చక్రం వాళ్ల ఇంట్లో ఎక్కువసార్లు తిరుగుతుంది. జబ్బు మన వల్ల రాలేదు, ఈ చక్రాన్ని ఆపడం మాత్రం మన చేతిలో ఉంది. ట్రైనింగ్ అంతా దాని కోసమే.

స్టార్ చార్టు, పాయింట్లు కూడా ఉంటాయి. వారం చివర్లో పెద్ద బహుమతి అని పెట్టుకుంటే మంగళవారానికే చార్టుని ఎవరూ చూడరు. ఏ రోజు సంపాదించింది ఆ రోజే ఖర్చు పెట్టుకోనివ్వాలి. బహుమతులు కొననక్కర్లేదు: ఇంకో కథ, అమ్మతో ఒక ఆట, రాత్రి లైటు ఆర్పే ఛాన్సు. రెండు మూడు పనులే రాయాలి, వాటిలో ఒకటి వాడు ఎలాగూ చేసేదై ఉండాలి, లేకపోతే మొదటి రోజే ఆశ వదిలేసుకుంటాడు.

ఒక్క హెచ్చరిక. గునుపు, సణుగుడు లాంటివి కావాలని పట్టించుకోకుండా ఉండమంటారు. అలా మొదలుపెట్టిన కొత్తలో అది తగ్గే బదులు పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసింది ఇప్పుడు పనిచేయకపోతే ఇంకాస్త గట్టిగా ప్రయత్నించి చూస్తాడు మరి. సరిగ్గా అప్పుడే లొంగితే, గట్టిగా చేస్తేనే పని జరుగుతుందని వాడికి మనమే నేర్పినట్టు. కొట్టడం, వస్తువులు విసరడం మాత్రం పట్టించుకోకుండా వదిలేసేవి కావు. వాటికి టైమ్ అవుట్ (కాసేపు ఆట ఆపి విడిగా కూర్చోబెట్టడం) ఎలా పెట్టాలో తర్వాతి క్లాసుల్లో నేర్పుతారు. అది పుస్తకం చూసి మొదలుపెట్టకండి, ట్రైనర్ దగ్గర చేసి చూపించుకోండి.

---

జవాబు: రెండో తరగతి పాప నాన్న

పైన ఆవిడ అన్నీ బాగా చెప్పారు. నేను ఇంకో వైపు చెప్తాను. మా పాప గంతులేసే రకం కాదు, క్లాసులో కిటికీలోంచి బయటకి చూస్తూ ఉండిపోతుంది. ఆడపిల్లల్లో ఇలాంటివి చాలామందికి ఆలస్యంగా తెలుస్తాయట. ట్రైనింగ్ తర్వాత ఇంట్లో చాలా మారింది. హోమ్‌వర్క్ దగ్గర ఏడుపులు తగ్గాయి, పొద్దున్నే అరుపులు పోయాయి. కానీ క్లాసులో ధ్యాస అలాగే ఉంది. డాక్టర్ తర్వాత మందు మొదలుపెట్టారు, ఇప్పుడు రెండూ నడుస్తున్నాయి. మందు వేయాల్సి వచ్చిందని ట్రైనింగ్ ఫెయిలైనట్టు అనుకోకండి.

మీవారిని మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి. ఒక్కరే వెళ్తే ఇంటికొచ్చి రెండోవాళ్లకి పాఠం చెప్పాల్సి వస్తుంది, భార్యాభర్తల మధ్య అదో కొత్త గొడవ.

---

జవాబు: పేరెంట్ గ్రూపులు నడిపే సైకాలజిస్ట్

పాప నాన్నగారు చెప్పింది చాలా ముఖ్యం. 2013లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి విశ్లేషించారు. చికిత్సలో పాల్గొన్న తల్లిదండ్రులు ఇచ్చిన మార్కుల్లో ఏడీహెచ్‌డీ లక్షణాలు బాగా తగ్గినట్టు కనపడింది. ఏ పిల్లలకి చికిత్స అందిందో తెలియనివాళ్లు చూసి ఇచ్చిన మార్కుల్లో మాత్రం ఆ తేడా చాలావరకు కరిగిపోయింది. 2014లో అదే పద్ధతిలో చూసినప్పుడు తల్లిదండ్రుల తీరులో, పిల్లల మొండితనంలో, ఎదురు తిరగడంలో వచ్చిన మెరుగు నిలబడింది. అందుకే మా గ్రూపుకి వచ్చేవాళ్లకి మొదటి రోజే చెప్తాను: ధ్యాస పెంచుతానని మాట ఇవ్వను, ఇంట్లో యుద్ధం తగ్గించడానికి మాత్రం ఇది గట్టి సాధనం.

టైమ్ పోతోందా అని అడిగారు కాబట్టి ఇంకో మాట. 2016లో విలియం పెల్హమ్ బృందం అయిదు నుంచి పన్నెండేళ్ల పిల్లలు 146 మందిని రెండుగా విడదీసి, సగం మందికి బిహేవియర్ థెరపీతో (పేరెంట్ ట్రైనింగ్ లాంటి, మందు లేని పద్ధతితో), సగం మందికి మందుతో మొదలుపెట్టింది. చాలకపోతే తర్వాత మోతాదు పెంచారు, లేదా రెండోది కలిపారు. బిహేవియర్ థెరపీతో మొదలైన పిల్లలు ఏడాది చివరికి క్లాసులో నియమాలు తక్కువగా మీరారు. ముందు మందు మొదలైన ఇళ్లలో తల్లిదండ్రులు తర్వాత ట్రైనింగ్‌కి రావడమే బాగా తగ్గిపోయింది. మందు మంచిదే, అవసరమైనప్పుడు నేనే పంపిస్తాను. అయితే ఈ వయసులో ఈ వరస వల్ల మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు.

ఇంకొకటి నెమ్మదిగా చెప్తాను. ఇది వంశంలో నడిచేది కాబట్టి తల్లికో తండ్రికో కూడా ఏడీహెచ్‌డీ ఉండే అవకాశం ఉంటుంది. అలాంటివాళ్లకి చార్టులు, ఒకే మాట మీద నిలబడటం మరీ కష్టం. మీ ఇద్దరిలో ఎవరికైనా అలా అనిపిస్తే ట్రైనర్‌కి ముందే చెప్పండి, ఇంట్లో చేయాల్సినవి చిన్న ముక్కలు చేసి ఇస్తారు.

---

అడిగినవారు: అయిదున్నరేళ్ల బాబు అమ్మ

అందరికీ చాలా థాంక్స్ అండీ. మావారికి చదివి వినిపించాను. "గొంతు పెంచడం నేర్పించుకోవడం" దగ్గర ఆపమని మళ్లీ చదివించుకున్నారు. మొదటి క్లాసుకి వస్తానన్నారు.

కొత్త బ్యాచ్ మొదలవడానికి ఇంకా టైముంది. ఈలోపు ఏం చేయొచ్చు? వాడికి స్టార్లు ఇస్తే చెల్లి ఊరుకోదు, దాన్నేం చేయాలి? మా అత్తగారి సంగతి ఎలా?

---

జవాబు: తొమ్మిదేళ్ల అబ్బాయి అమ్మ

సంతోషమండీ! ఈలోపు ఆట ఒక్కటే మొదలుపెట్టండి, ఇవాళే. మిగతావేవీ వద్దు. వాడు ఆ రోజు ఎంత అల్లరి చేసినా ఆట ఆపకండి, దాన్ని బహుమతి చేయకండి. చెల్లికి విడిగా దాని అయిదు నిమిషాలు దానికివ్వండి, మీరు ఒకరితో ఉంటే మీవారు ఇంకొకరితో. తర్వాత చార్టు పెట్టినప్పుడు దానికీ దాని వయసుకి తగ్గ పని ఒకటి రాసి ఇవ్వండి. ఇద్దరి స్టార్లూ పోల్చకండి, అంతే.

క్లాసులు మొదలయ్యేలోపు ఇంకో పని చేసిపెట్టుకోండి. రోజులో మీకు అన్నిటికన్నా కష్టమైన గంట ఏదో చూసుకోండి, మాకైతే పొద్దున స్కూలుకి బయల్దేరే గంట. ఆ గంటలో గొడవ జరిగినప్పుడల్లా మూడు ముక్కలు రాయండి: దానికి ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, వెంటనే మీరేం చేశారు. ట్రైనర్ మొదట అడిగేది అదే.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. సిద్ధాంతాలతో ఆవిడ మారరు, పైగా మనసు కష్టపెట్టుకుంటారు. ఒక పని అప్పజెప్పండి. మా ఇంట్లో మా మామగారికి ఇచ్చిన పని, సాయంత్రం వాడు ఆ రోజు బాగా చేసినవి మా వారికి వాడి ఎదురుగానే చెప్పడం. అవి చెప్పాలంటే రోజంతా వెతకాలి కదా, అలా ఆయన చూపే మారింది. కొట్టడం గురించి మాత్రం మీవారు వాళ్లమ్మగారికి ఒక్కసారి స్పష్టంగా చెప్పాలి. అది మీ నోటితో చెప్పేది కాదు.

స్కూలు మాట మర్చిపోయాను. టీచర్‌ని రోజూ ఒక చిన్న కాగితం అడగండి. రెండే అంశాలు: "చెప్పినప్పుడు తన చోట్లో కూర్చున్నాడు", "చేతులు తన దగ్గర ఉంచుకున్నాడు". ఒక్కో పీరియడ్‌కి అవును, కాదు అని టిక్ పెడితే చాలు, వాళ్లకి నిమిషం కూడా పట్టదు. ఎక్కువ అంశాలు అడిగితే వారంలో మానేస్తారు. బాబు ఇంటికి రాగానే, బ్యాగు దించకముందే ఆ కాగితం చూసి "అవును"లకి పాయింట్లు ఇచ్చేయండి. "కాదు"ల గురించి ఆ రోజుకి ఏమీ అడగొద్దు.